రేనాటి బిడ్డలకు స్వాతంత్ర్యచరిత్ర

ప్రొద్దుటూరిలో అనిబిసెంటు పేరిట పురపాలకోన్నత పాఠశాల యొకటి గలదు. ఆ బడికి పోవు బిడ్డలను నిలిపి, బిసెంటమ్మ యెవరని యడిగినచో నెందరు చెప్పగలరు? 1916లో హోంరూలు లీగును స్థాపించి, 1917లో ప్రభుత్వ నిర్బంధమున కొన్ని మాసములుండి, ఆ సంవత్సరాంతమున కలకత్తా కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన విదేశవనిత యామె. పిదప గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమమును వ్యతిరేకించినదియు నామెయే. ఈ రెండు మాటలను గలిపి చెప్పుట చరిత్ర. మొదటిదానితో నూరకుండుట స్తోత్రపాఠము. మన బడులలో బిడ్డలకు లభించుచున్నది చాలవరకు స్తోత్రపాఠమే.

ఆగస్టు 15వ తేదీన జెండా యెగురవేయుదుము, మిఠాయి పంచుదుము, నాలుగు పేర్లు వల్లింపజేయుదుము. స్వాతంత్ర్యసమరమన్న మీరటులోనో, ఝాన్సీలోనో జరిగినదని బాలుడు తలచును. తాను నడయాడు రేనాటిగడ్డమీద అంతకు పదునొకండేండ్లు ముందుగనే తిరుగుబాటు చెలరేగినదని వానికి తోచదు.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, వడ్డె ఓబన్న మొదలగువారితో గూడి, కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసెను. కోవెలకుంట్ల నేడు నంద్యాల జిల్లాలోనున్నను ఆనాడు కడప జిల్లాలోనిదే. తిరుగుబాటుదార్లు కొండలు పట్టి కంపెనీ సేనలతో పోరిరి. ఆ యక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన వేలకొలది జనుల యెదుట నాతని నురిదీసిరి. ఆతని శిరస్సును 1877 వరకు కోటగుమ్మమున వ్రేలాడగట్టి యుంచిరి. తిరుగుబాటుకై 901 మందిపై నేరము మోపిరి. వారిలో 112 మందికి శిక్షలు పడెను.

ఇంతవరకు చెప్పుట సులభము. ఇందులకు కారణమేమని బాలుడు ప్రశ్నించినప్పుడే ఉపాధ్యాయునికి పరీక్ష. 1800లో నిజాము ఈ దత్తమండలములను కంపెనీకి ధారపోసెను. మన్రోదొర పాలెగాండ్ర బలము నణచి, కొందరికి భరణము లేర్పరచెను. ఆ యేర్పాటువలన నరసింహారెడ్డి వంశమునకు వచ్చుచుండిన పింఛనులో నాతని పాలు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మాత్రమే. మరియు గ్రామరక్షణకై యినాము భూములననుభవించిన కట్టుబడివాండ్రు మరణింపగా కంపెనీవారు వారి మాన్యములను హరింప మొదలిడిరి. దొరకు మర్యాద పోయెను, బంటునకు కూడు పోయెను. ఈ రెండు కోపములును గలిసిన చోట తిరుగుబాటు పుట్టెను.

అట్లయిన నిది స్వాతంత్ర్యసమరమా, లేక హక్కులు గోల్పోయినవారి కలహమా? ఈ ప్రశ్నను బిడ్డలనుండి దాచగూడదు. పాలెగాండ్రలో రైతును పీడించినవారును గలరు. మన్రో పాలెగాండ్రను గూలద్రోసినను రైతు పేర పట్టా వ్రాయించినవాడు. మన పూర్వులలో పెక్కురు వానిని దేవునిగ దలచిరి. ఈ పోరులో గూలినవారిలో కంపెనీ కొలువుచేసిన మన దేశీయులును గలరు. ఇవన్నియు విన్న పిమ్మటను ఆ పోరు గొప్పతనము తరుగదు. పరదేశ ప్రభుత్వము న్యాయము చేయనప్పుడు దాని నెదిరింపవచ్చునని సామాన్యుడు తలచుటయే స్వాతంత్ర్యమునకు బీజము. ఆ బీజమునుండి 1947 వరకు వృక్షమెట్లు పెరిగినదో చూపుటయే చరిత్రపాఠము.

2019లో నీ కథ వెండితెర కెక్కెను. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు నరసింహారెడ్డి పేరుపెట్టిరి. సంతోషమే. కాని చలనచిత్రము వినోదమునకై కల్పించినదానిని బాలుడు సత్యమని నమ్మిపెరిగి, పెద్దవాడై కాగితములు చూచిననాడు, పోరు సర్వము కట్టుకథయేనని తలచు నపాయము గలదు. నేడు మనము చెప్పు అర్ధసత్యము రేపు వాని యవిశ్వాసమగును.

కావున ఉపాధ్యాయుడు మూడు సాక్ష్యములను బిడ్డల ముందుంచవలెను. మొదటిది రేనాట నరసింహారెడ్డిపై పాడుకొను పాట. రెండవది కంపెనీవారి వ్రాతలు. మూడవది స్థలము. పాట దొరను కీర్తించును. వ్రాత వానిని ద్రోహియనును. రెంటిని చదివి, కోవెలకుంట్ల చూచివచ్చిన బాలుడు తనంతట దీర్పు చెప్పనేర్చును. నోసమునకును, గండికోటకును, కోవెలకుంట్లకును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు బడులనుండి పోవుట దుర్ఘటము గాదు.

ఇందు భూస్వాములకును పురజనులకును కర్తవ్యము గలదు. మన యిండ్ల పెట్టెలలో పాత పట్టాలును, ఇనాము కాగితములును చెదలు తినుచున్నవి. వానిని వ్యాజ్యములకే గాక చదువునకును బయటికి దీయుడు. ఆ పాట వచ్చిన వృద్ధుడు మీ గ్రామమున నున్నచో నొక పూట బడికి పిలిపించి సన్మానింపుడు. వాని కంఠము మూగబోయిన పిదప మనకు మిగులునది కంపెనీ వ్రాత యొక్కటియే. బిడ్డల విహారమునకు బండి ఖర్చు భరించుట జాతరలో నొకనాటి బాణాసంచా ఖర్చుకంటె నెక్కువ గాదు.

శిక్షపడిన ఆ 112 మందిలో నెందరి పేర్లు మనకు దెలియును? వారును ఈ మట్టిలో బుట్టినవారే. వారి మనుమల మనుమలు నేడు మన బడులలో కూర్చుండి, స్వాతంత్ర్యము ఎక్కడో, ఎవరో తెచ్చిరని వల్లించుచుండవచ్చును. ఆ బిడ్డలకు వారి చరిత్రను వారికి అప్పగించుట మన ఋణము.