నీటికాసుల ఆపరేషను పిమ్మట కుట్టు సడలించు లేసరు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన నేత కుటుంబములలో నీటికాసులకు, అనగా గ్లకోమాకు, ఆపరేషను చేయించుకొన్నవారు కొందరు కలరు. డబ్బు సమకూర్చుకొని బెంగుళూరు వెళ్లి కట్టు విప్పించుకొని వచ్చెదరు. తరువాత రమ్మన్న తేదీకి మాత్రము మగ్గము మీద చీర ఉన్నదనియో, పండుగ ముందు కూలి పోవుననియో ఆగిపోవుదురు. ఆ తేదీ ఎందుకిచ్చిరో తెలిసినచో ఎవరును ఆగరు.

కంటి లోపల ఎడతెగక ఒక నీరు ఊరుచుండును. ఇది కన్నీరు కాదు. అది పోవు దారి మూసుకొన్నచో ఒత్తిడి పెరిగి చూపునరము చెడును. ఒత్తిడి మామూలుగా పాదరసపు కొలతలో 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు ఉండును. చెడిన నరము మరల బాగుపడదు. ఆపరేషను ఉన్న చూపును నిలుపుటకే గాని పోయినదానిని తెచ్చుటకు కాదు.

1968లో ఇంగ్లండు వైద్యుడు కెయిర్న్సు వివరించిన ట్రాబెక్యులెక్టమీ అను ఆపరేషను నేటికిని విరివిగా చేయుచున్నారు. పైరెప్ప క్రింద తెల్లగ్రుడ్డులో చిన్న పొరను తలుపువలె లేపి, నీటికి దారి చేసి, పొరను సన్నని నైలాను దారముతో కుట్టుదురు. ఆ దారము తలవెండ్రుకలో సగము మందమైనను ఉండదు. బిగువు సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. పడుగు వదులైన గుడ్డ చెడును, మరీ బిగిసిన పోగు తెగును. కంటిలో కుట్టు వదులైన నీరంతయు జారి కన్ను మెత్తబడును. బిగిసిన నీరు నిలిచి ఒత్తిడి పెరుగును. అందుచేత డాక్టర్లు మొదట కొంచెము బిగువుగానే కుట్టి, పిమ్మట అవసరమును బట్టి సడలింతురు.

సడలించుటకు కత్తి అక్కరలేదు. కన్ను మొద్దుబారు చుక్కలు వేసి, చిన్న అద్దము ఆనించి, పైపొర గుండ లేసరు కిరణము పంపి దారమును తెంపుదురు. 1984లో అమెరికా వైద్యులు హాస్కిన్సు, మిగ్లియాజో దీనిని గూర్చి ప్రకటించిరి. కుర్చీలో కూర్చుండగానే కొద్ది నిమిషములలో ముగియును. సాధారణముగా ఒకసారికి ఒక కుట్టే తెంపి, ఒత్తిడి మరల చూతురు. తొందరపడి రెండు మూడు తెంపిన ఒత్తిడి మరీ పడిపోవచ్చును.

దీనికి గడువు కలదు. గాయము మాని మచ్చకట్టిన పిమ్మట దారము తెగినను పొర సడలదు. మామూలుగా మొదటి కొన్ని వారములే అనువైనవి. మచ్చకట్టుట తగ్గించు మైటోమైసిను మందు వాడినచో గడువు కొన్ని నెలలకు సాగవచ్చును. ఒక చీర కూలికై ఆగినవారికి రెండవ ఆపరేషను రావచ్చును. సంఘపు పద్దులు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను, ఏ లెక్కన చూచినను ఇది నష్టమే.

మందుల అంగడిలో పాత చీటీ చూపి స్టెరాయిడు చుక్కలు కొని వేసికొనరాదు; వానివలననే కొందరికి ఒత్తిడి పెరుగును. ఆపరేషనైన కంటిలో ఎన్నేండ్లకైనను ఎరుపు, నొప్పి, పుసి, మసక కనబడినచో ఆ దినమే వెళ్లవలెను. గుంటమగ్గములోనికి ఎప్పుడు దిగవచ్చునో డాక్టరునే అడుగుడు. హోసూరు నుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లే. తేదీ వ్రాసిన కార్డును ముందుగా సంఘములో చూపినచో ఆ వారము పని సర్దుబాటు చేయుదుము.