నల్లటి మలం.. నిర్లక్ష్యం ప్రాణాంతకం
కడుపులో రక్తస్రావానికి ఎండోస్కోపీతో అడ్డుకట్ట

మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే వేడి చేసిందనో, మొలలనో చాలామంది సరిపెట్టుకుంటారు. మజ్జిగ తాగి, మందుల దుకాణంలో రెండు మాత్రలు కొనుక్కొని రోజులు నెట్టుకొస్తారు. మొలల వల్ల పడే రక్తం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగంలో కారిన రక్తం మాత్రం పేగుల గుండా దిగివచ్చేసరికి మార్పు చెంది నల్లబడుతుంది. ఈ తేడా తెలియక జరిగే జాప్యమే ప్రాణం మీదకు తెస్తోంది. ఒకప్పుడు శస్త్రచికిత్స చేస్తేగానీ ఆగని ఈ రక్తస్రావాన్ని నేడు ఎక్కువమందిలో కోత లేకుండా ఎండోస్కోపీతోనే ఆపగలుగుతున్నారు. రోగి సకాలంలో ఆసుపత్రికి చేరడమే ముఖ్యం.

కారణాలివీ..
జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగంలో ఏర్పడే పుండ్లు (అల్సర్లు) ప్రధాన కారణం. కారం, మసాలాల వల్లే ఇవి వస్తాయన్న భావన ప్రజల్లో బలంగా ఉంది. నిజానికి ఎక్కువ పుండ్లకు మూలం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. దీనిని గుర్తించిన ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. కీళ్ల నొప్పులు, ఒళ్లు నొప్పులకు వైద్యుల సలహా లేకుండా వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రెండో కారణం. మద్యపానం, హెపటైటిస్ బి, సి వంటి వాటితో కాలేయం గట్టిపడిన (సిరోసిస్) వారిలో అన్నవాహికలోని సిరలు ఉబ్బి, ఒక్కసారిగా చిట్లుతాయి. ఈ రక్తస్రావం మరింత ప్రమాదకరం.

గుర్తించేదెలా?
ఎర్రటి రక్తం లేదా కాఫీపొడి రంగు వాంతి కావడం, నల్లటి మలం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, గుండె దడ ముఖ్య లక్షణాలు. ఐరన్ మాత్రలు వాడేవారిలోనూ మలం నల్లగా రావచ్చు. అయితే తారులా జిగటగా ఉండి నీరసం తోడైతే మాత్రల వల్లేనని ఊరుకోరాదు.

ముందు రోగిని నిలబెట్టాలి
ఆసుపత్రికి చేర్చగానే ఎండోస్కోపీ చేయలేదని బంధువులు ఆందోళన చెందడం సహజం. కానీ మొదట సెలైన్ ఎక్కించి, రక్తపోటును అదుపులోకి తేవాలి. సాధారణంగా హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గితే రక్తం ఎక్కిస్తారు. గుండె జబ్బు ఉన్నవారికి ఇంతకంటే ముందే అవసరం కావచ్చు. సిరలు చిట్లినవారికి అవసరానికి మించి రక్తం ఎక్కిస్తే సిరల్లో ఒత్తిడి పెరిగి రక్తస్రావం తిరగబెట్టే ముప్పుంది. రోగి కుదుటపడ్డాక 24 గంటల్లోపు, సిరలు చిట్లాయని అనుమానిస్తే 12 గంటల్లోపు ఎండోస్కోపీ చేయాలన్నది వైద్యప్రమాణం. పుండ్ల రోగులే అధికంగా ఉన్న హాంకాంగ్ పరిశోధనలో 6 గంటల్లోపు చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని 2020లో వెల్లడైంది.

రక్తం ఆపేదిలా..
కెమెరా అమర్చిన సన్నని, వంగే గొట్టాన్ని నోటి ద్వారా లోపలికి పంపుతారు. పుండు నుంచి రక్తం కారుతుంటే చుట్టూ పలుచన చేసిన అడ్రినలిన్ సూదిమందు ఇస్తారు. దీని ప్రభావం తాత్కాలికం. అందువల్ల దానితోపాటు రక్తనాళాన్ని వేడితో మూసివేయడమో, చిన్న లోహపు క్లిప్ బిగించడమో తప్పనిసరి. క్లిప్ కొంతకాలానికి ఊడి మలంతో బయటకు పోతుంది. అనంతరం ఆమ్లాన్ని తగ్గించే మందును సాధారణంగా 72 గంటలపాటు అధిక మోతాదులో ఇస్తారు.

అన్నవాహికలో ఉబ్బిన సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. బ్యాండు బిగిసిన సిర ఎండి కొద్దిరోజుల్లో రాలిపోతుంది. సిరలు పూర్తిగా మూసుకుపోయే వరకు కొన్ని వారాలకోసారి బ్యాండింగ్ చేయించుకోవాలి. జీర్ణాశయంలోని సిరలకు జిగురు వంటి మందును ఎక్కిస్తారు. పుండు నుంచి మళ్లీ రక్తం వస్తే రెండోసారి ఎండోస్కోపీ చేస్తారు. అదీ ఫలించకుంటే రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి మూసివేయడం, శస్త్రచికిత్స వంటి మార్గాలున్నాయి.

ఆగిందని మరవొద్దు
రక్తం ఆగడంతో జబ్బు నయమైనట్లు కాదు. బ్యాక్టీరియా ఉందో లేదో పరీక్ష చేయించి, ఉంటే యాంటిబయోటిక్ కోర్సు పూర్తిచేయాలి. నొప్పి మాత్రలు సొంతంగా వాడరాదు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు దానిని తమంతట తాముగా మానేయకూడదు, వైద్యుడినే అడగాలి. కాలేయ రోగులు మద్యం పూర్తిగా మానాలి.

రక్తపు వాంతి అయిన వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటి ద్వారా నీరు, ఆహారం ఇవ్వకుండా 108కి ఫోన్ చేయాలి. వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లాలి. ఆలస్యమయ్యే ప్రతి గంటా రోగికి నష్టమే.