బొమ్మవిమానము - ఇంజను వాలు

ఆదోని, ఎమ్మిగనూరు నల్లరేగడి చేలలో గుంటక తోలిన మీకొక సంగతి తెలియును: ఎడ్లు లాగెడి వాలు మాఱినచో గుంటక నడకయు మాఱును. నేర్చుకొనువారు రేడియోతో నడపెడి బొమ్మవిమానమునకును ఇదియే న్యాయము.

దాని యింజనును సాధారణముగా 2, 3 డిగ్రీలు క్రిందికిని, ఇంచుమించుగా నంతియే కుడికిని వాల్చి బిగింతురు. వేగము హెచ్చినకొలఁది ఱెక్క యెత్తుబలము హెచ్చి ముక్కు పైకి లేచును. క్రిందివాలు దాని నణఁచును. వెనుకనుండి చూడఁగా గడియారపు ముల్లువలెఁ దిరుగు పంకా తన సుడిగాలిచేఁ దోఁకను కుడికిఁ ద్రోసి, ముక్కు నెడమకుఁ ద్రిప్పును. కుడివాలు దానిని సరిదిద్దును.

విమానము మట్టముగాఁ బోవునపుడు ఇంజను వేగము పెంచి చూడవలెను. ముక్కు మిక్కిలి నిక్కినచో, దింపి, ఇంజను చట్టము వెనుక పైబోల్టులయొద్ద పలుచని వాషరు బిళ్ల నుంచవలెను. కావున మనుమని విమానము కూలినచో వాని నేర్పును నిందింపక, తొలుత నీ వాలును పరీక్షింపుఁడు.