జిమ్నీ ఎత్తు పెంచడం: ఎందుకు? ఎలా?

సుజుకీ జిమ్నీ కారు అడుగుభాగానికీ నేలకూ మధ్య ఖాళీ 210 మిల్లీమీటర్లు. పెద్ద రాళ్లు, లోతైన గాడులు ఉన్న దారిలో అదీ చాలక అడుగు తగులుతుంది. అందుకే కొందరు లిఫ్ట్ కిట్ వేయిస్తారు. అందులో ముఖ్యమైనవి పొడవైన స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు. సాధారణంగా 50 మిల్లీమీటర్ల దాకా ఎత్తు పెరుగుతుంది.

ముందుగా బండిని చదునైన నేలమీద జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెడతారు. ఇరుసుకు వేరే జాకీ ఆసరా ఇచ్చి, చక్రాలు, షాకులు విప్పుతారు. ఇరుసును మెల్లగా దించితే పాత స్ప్రింగు వదులై బయటికి వస్తుంది. కొత్తవి అమర్చాక, రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాలమీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఎత్తు మారితే ఇరుసు కొద్దిగా పక్కకు జరుగుతుంది. దాన్ని సర్దడానికి, ఇరుసును పక్కలకు కదలకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్‌లో పొడవు మార్చగల రకాన్ని వాడతారు. ముందు ఇరుసు కోణమూ మారడంతో స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం తగ్గుతుంది. ప్రత్యేక బుష్‌లతో ఆ కోణాన్ని సరిచేస్తారు. బ్రేకు గొట్టాలు బిగుసుకుపోకుండా, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడకుండా చూడాలి.

ఈ కిట్ బండి పైభాగాన్నే లేపుతుంది. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ లేవాలంటే పెద్ద టైర్లు కావాలి. గరిమనాభి పైకి జరగడంతో మలుపుల్లో బోల్తా ప్రమాదమూ పెరుగుతుంది.