టాయిలెట్ లైట్ల లెక్కలోనూ కొలువుంది!

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో ఎలక్ట్రికల్ చదివినవాళ్లు ఉద్యోగం అనగానే సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నారు. భవనాల్లో కరెంటు పొదుపు లెక్క కట్టే పనీ ఒకటుంది. దీనికి ఆధారం ఈసీబీసీ అనే ఇంధన పొదుపు భవన నియమావళి. కేంద్రం 2007లో తెచ్చిన ఈ కోడ్‌ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది.

చిన్న లెక్క చూడండి. 2007 కోడ్ ప్రకారం టాయిలెట్‌కు చదరపు మీటరుకు 9.7 వాట్లు. 10 చదరపు మీటర్లకు 97. రెండు 40 వాట్ల పాత ట్యూబ్‌లైట్లు పెడితే 80 వాట్లేగా అనిపిస్తుంది. కానీ చోక్ తినేదీ కలపాలి. పాతరకం చోక్ ఒక్కోటి సుమారు 14 వాట్లు తింటుంది. మొత్తం 108... పరిమితి దాటేసింది! 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండైతే 40తో సరి. ఒక గదిలో పెరిగింది మరో గదిలో తగ్గించుకోవచ్చు, భవనం మొత్తం మీద మించకూడదు. 2017 కోడ్‌లో పరిమితులు ఇంకా తగ్గాయి.

వాట్లు తగ్గితే చాలదు. మన తీరంలో ఉప్పుగాలి, తేమ ఎక్కువ. నీటి తుంపర్లు తట్టుకునే ఐపీ44 రేటింగ్, తుప్పు పట్టని ఫిట్టింగ్ ఎంచుకోవడం తెలియాలి.

బీఈఈ జాతీయ పరీక్షలో ఎనర్జీ మేనేజర్‌కు 3 పేపర్లు, ఆడిటర్‌కు 4. బీటెక్ వారికి 3 ఏళ్లు, డిప్లొమా వారికి 6 ఏళ్ల అనుభవం ఉండాలి. అంటే పట్టా చేతికి రాగానే రాసే పరీక్ష కాదు. ముందు ఎలక్ట్రికల్ కన్సల్టెంట్ దగ్గరో, ఆసుపత్రి, హోటల్ నిర్వహణ విభాగంలోనో చేరాలి. ఈలోగా మీ కాలేజీ భవనంలో గదివారీగా వాట్లు, వైశాల్యం రాసి పట్టిక వేయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల పక్కన అదీ చూపించండి.