ముంగిలి బడి

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెరక పొలాలలో మిరపకోతలు మొదలైన దినములలో తెల్లవారకముందే ఆటో ఎక్కి పనికి బోవు తల్లి, తన నాలుగేండ్ల బిడ్డను ఎవరికప్పగించవలెనన్న ప్రశ్నకు పూర్వము ఒక్కటే సమాధానముండెడిది: ఇంటి పెద్దపిల్ల. అక్క బడి మానినందువలననే చెల్లి పెరిగెడిది. ఇప్పుడా బిడ్డను అంగన్‌వాడీ చూచుకొనును. దాని ప్రయోజనమును గణించువారు గుడ్డును, పాలను, బాలామృతమును గణింతురు గాని, సంచి తగిలించుకొని బడికి బోగలిగిన ఆ అక్కను గణింపరు.

అంగనమనగా ముంగిలి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము, ఐసీడీఎస్, ఈ ముంగిలికి ఆరు పనులప్పగించెను: పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనపుడు ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ, మూడు నుండి ఆరేండ్లలోపు పిల్లలకు బడికి పూర్వపు విద్య. కడపటి పని తొలినుండియు కడపటిదే. తక్కిన ఐదింటికిని రిజిస్టర్లు నింపునప్పటికే టీచరమ్మకు పొద్దుగడచును.

చట్టమును ఈ బడికి పూర్వపు విద్యను పెద్దగా ఆదుకొనలేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుండి పద్నాలుగేండ్ల బాలల చదువును ప్రాథమిక హక్కుగా జేసి, ఆరేండ్లలోపు వారి విషయమున మాత్రము రాజ్యము ప్రయత్నింపవలెనని చెప్పి యూరకుండెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవయేటి నుండి రెండవ తరగతి వరకు ఐదేండ్లను ఒకే పునాదిదశగా భావించుటతో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అంగన్‌వాడీలకు శాటిలైట్ ఫౌండేషన్ స్కూళ్లన్న పేరును, పీపీ-1, పీపీ-2 (ప్రీ-ప్రైమరీ) అన్న తరగతులును వచ్చినవి. పేరు మారినంత సులువుగా జీతము మారదు గదా! 2019లో నిర్ణయమైన 11,500 రూపాయలు కార్యకర్తయగు టీచరమ్మకు, 7,000 ఆయాకు చాలవని 2023 డిసెంబరు 12 నుండి 42 దినములు సమ్మె జరిగినది.

ఇక బడికి సిద్ధపరచుట యనగా నేమి? 2024లో కేంద్రము వెలువరించిన ‘ఆధారశిల’ పాఠ్యక్రమము ఆటయే అనుచున్నది. చేటలోని చింతపిక్కలను ఐదేసి చొప్పున కుప్పలు పెట్టుచు, చివరి కుప్పకు ఒకటి తక్కువగుటచే ప్రక్కవాని కుప్పనుండి గుట్టుగా కాజేసిన బుడుతడు కూడికయు తీసివేతయు నేర్చియే యున్నాడు. పిక్కను పట్టిన ఆ రెండువ్రేళ్లే రేపు బలపమును పట్టును. మన పెద్దలు అక్షరాభ్యాసమును ఐదవయేట పెట్టినది పలకలు దొరకక కాదు.

కాని తల్లి మనస్సు వేరు. “ఇంకా ఏబీసీడీలు రాయించట్లేదేంటి టీచరుగారూ? కాన్వెంటు పిల్లలు గడగడా చెప్పేస్తన్నారు,” అని ఆమె యడుగును. “రాయిస్తానమ్మా, ముందు ఆ వేళ్లు గట్టిపడనీ,” అని టీచరమ్మ యనును. జూను రాగానే ఆ బిడ్డ పసుపుపచ్చని వ్యాను ఎక్కును. తమ్ముడు మాత్రము ముంగిలికే వచ్చును. అక్కడ గుడ్డు పెట్టుదురు.