ఓదార్చేవారికి ఓదార్పేది?

గడప దగ్గరకు వచ్చినవారికి చెంబెడు మంచినీళ్ళిచ్చి, కూర్చోమనడం మన పెద్దలు నేర్పిన మర్యాద. 2020వ సంవత్సరంలో కరోనా భయంచేత ఆ మర్యాద మనలో చాలామందికి మరపున పడింది. ఇతరుల మాట అటుంచి, నా సంగతే మనవి చేస్తాను.

బెంగుళూరులో మా వీథికి ఒక ఆశా కార్యకర్త వచ్చేది. ఎవరికైనా జ్వరమున్నదా, పైవూళ్ళనుంచి ఎవరైనా వచ్చారా అని అడిగి వ్రాసుకునేది. ఆమె ఎండలో నిలబడి అడుగుతుంటే, నేను కిటికీ చాటునుంచి జవాబు చెప్పి రెక్క మూసుకునేవాణ్ణి. ఆ యేడు ఏప్రిల్‌లో మా నగరంలోనే ఒక ఆశా కార్యకర్తపై దాడి జరిగిందని పత్రికలో చదివి అయ్యో అనుకున్నాను. కాని నా కిటికీ మాత్రం తెరవలేదు.

వ్యాధి తగ్గుముఖం పట్టాక ఒకనాడు క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె నవ్వి కన్నడంలో అన్నది: "రోగానికి అంత భయపడలేదన్నా. మూసిన తలుపులు చూసి కుంగిపోయాను. ఇంటికి పోతే బిడ్డను దగ్గరకు తీసుకోలేను. రాత్రి నిద్ర పట్టేది కాదు."

"మరి ఎలా తట్టుకున్నావమ్మా?" అన్నాను.

"సాయంత్రం పని కాగానే మేము నలుగురం ఆరోగ్య కేంద్రం చెట్టుక్రింద దూరదూరంగా కూర్చునేవాళ్ళం. ఒకరు చెప్పాలి, ముగ్గురు వినాలి. బుద్ధులు చెప్పకూడదు. అంతే."

ఎంత గొప్ప వైద్యం! అయితే మనసుకు మాటలొక్కటే చాలవు గదా. నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం కోరుతూ కర్ణాటకలోని ఆశా కార్యకర్తలు 2020 జులైలో పని నిలిపారు. చాలీచాలని రాబడి కూడా మనోవ్యథకు ఒక కారణమే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు పది లక్షలకు పైబడిన ఆశా కార్యకర్తలను సత్కరించింది. సంతోషమే, కాని సత్కారంతో నిద్ర పట్టదు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత సేవ ప్రారంభించింది. మనోవేదన కలవారెవరైనా 14416కు ఫోను చేసి, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మనయిండ్లలో నర్సులు, ఆసుపత్రి సేవకులు ఉన్నారు; వారికీ సంగతి చెప్పండి.

ఇప్పుడు ఆమె వస్తే మా ఆవిడ కుర్చీ వేసి మజ్జిగ ఇస్తున్నది. ఆలస్యంగానైనా మా గడపకు మర్యాద తిరిగివచ్చింది. మీ వీథికి వచ్చే ఆమెను ఈసారి "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.